చిన్న గేరు

సోమవారం పొద్దున పట్నం ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా జీపులోకి వంగి, పెద్ద గేరు కర్ర పక్కనున్న పొట్టి కర్రకు ఇనప తీగ చుట్టాడు. తీగ కొసలు రెండూ సీసం బిళ్ల కన్నాల్లో దూర్చి పటకారుతో గట్టిగా నొక్కాడు. బిళ్ల మీద శాఖ ముద్ర పడింది.

"ఇంక దీన్నెవరూ ముట్టుకోడానికి లేదండి" అని నోటీసు కాగితం రామబ్రహ్మం చేతికిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్నాడు.

డ్రైవరు బాలనర్సయ్య బానెట్ మీద చెయ్యి ఆనించి ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. ఎంత ఎండలోనైనా ఖాకీ చొక్కా పైగుండీ తియ్యడు. గుమాస్తా వెళ్లిపోయాక లోపలికి వంగి, సీసం బిళ్లను బొటనవేలితో ఒకసారి తడిమాడు.

"ముక్కుతాడేసిపాయె. వాన వడితే ఎట్ల సారూ?"

"ఆఫీసువాళ్లు ఆలోచించకుండా వేస్తారా?" అన్నాడు రామబ్రహ్మం.

రామబ్రహ్మానికి ఓవర్సీరు ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలు. ఊరు తెనాలి పక్కన. మణికొండ దాటాక రాళ్ల గుట్టల మధ్య, ప్రభుత్వం ఏదో కొత్త కాలనీ కట్టబోతున్నదని, ఆ నేల కొలిచే పని ఇచ్చి నాలుగు గుడారాలతో అతన్ని అక్కడ దించారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పైనుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ అతడు రెండుసార్లు చదువుతాడు. ఇదీ చదివాడు. 'ముందు చక్రములకు శక్తినందించు గేరును సంబంధిత అధికారి లిఖితపూర్వక అనుమతి లేనిదే వాడరాదు. ఉల్లంఘించినవారిపై చర్య గైకొనబడును.' కింద ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు రామ్మోహనరావు సంతకం. పెట్రోలు ధర ఆ ఏడాది అమాంతం పెరిగింది. పైగా ఇంకో క్యాంపు డ్రైవరెవరో ఆ గేరు వేసుకునే తారురోడ్డు మీద తిరిగి గేరు పెట్టె పాడుచేశాడట. ఆ జీపు నెల రోజులుగా బాలానగర్ వర్క్‌షాపులో పడివుంది.

మర్నాడు కొలత సామాను తేవడానికి లింగంపల్లి స్టేషనుకు వెళ్తుంటే రామబ్రహ్మమే ఆ మాట ఎత్తాడు. "నిజంగా దాంతో అంత అవసరముందా బాలనర్సయ్యా? అది వేసుకునే కదా వాడెవడో పెట్టె విరగ్గొట్టాడు."

"గట్టి రోడ్డు మీద ఎయ్యనే వద్దు సారు. ఆడు చేసిందే తప్పు." బాలనర్సయ్య ఎడంచెయ్యి స్టీరింగు మీద ఉంచి కుడిచేతి వేళ్లు నాలుగూ తొడమీద ఆనించాడు. "మూల తిరిగేటప్పుడు ముందటి చక్రాలు జర ఎక్కువ దూరం పోవాలె, ఎనకటియి తక్కువ. చిన్న గేరు ఏస్తే నాలుగింటిని ఒక్క తాడుకు కట్టినట్టే. గట్టి నేల మీద జారుదామంటే జాగుండదు. ఒకదాన్నొకటి గుంజుకుంటయి. ఇగ గేరు పండ్లే ఇరగాలె."

"మరెప్పుడు వెయ్యాలి?"

"బురద కనవడంగనే. దాంట్ల దిగకముందుకే. బండి నిలవెట్టి, తాపీగ ఏసి, రెండో గేర్ల మెల్లగ దిగాలె. నడుమ కాలు తియ్యొద్దు, ఎక్కువ తొక్కొద్దు. బిరేకు ముచ్చటే లేదు. అవుతల గట్టి నేల తగలంగనే తీసెయ్యాలె. గంతే."

"దిగబడ్డాక వేస్తే?"

బాలనర్సయ్య నవ్వాడు. "అప్పటిదాంక రెండు చక్రాలు తవ్విన గుంతను ఇగ నాలుగు కలిసి తవ్వుతయి."

ఆ చెప్పిన తీరు రామబ్రహ్మానికి నచ్చింది. మామిడి అంటు కట్టడం గురించి తన మేనమామ ఇలాగే చెప్పేవాడు, పని చేతిలో ఉన్నవాళ్లకు మాటలు కొద్దిగానే అవసరమైనట్టు. కొలతబద్దలు జీపులో ఎక్కించుకుని వచ్చేటప్పుడు చినుకులు మొదలయ్యాయి.

బుధవారమంతా ముసురు. గురువారం పొద్దున కాస్త తెరిపిచ్చింది. పని ఒకరోజు వెనకబడిందని రామబ్రహ్మం అందరినీ గుట్ట మీదికి తీసుకెళ్లాడు. గొలుసు లాగే రాజయ్య ముందు నడిచాడు. ఉట్టి కాళ్లతో బండల మీద మేకపిల్లలా ఎక్కేవాడు రాజయ్య. ఇరవై మీటర్ల గొలుసు భుజాన వేసుకుని, ఎక్కడ కాలు పెట్టాలో చూడకుండానే పెట్టేవాడు. పది గంటలప్పుడు కొలతబద్ద పట్టుకుని ఒక పెద్ద రాతిగుండు పక్కన నిలబడ్డాడు. రెండురోజుల వానకు గుండు కింది మట్టి కరిగి ఉంది. అది పెద్ద చప్పుడేమీ చెయ్యలేదు. నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు ఒత్తిగిలింది, అంతే. రాజయ్య కుడికాలు పిక్కదాకా దాని కింద ఉండిపోయింది.

ముగ్గురు గడ్డపారలు వేసి గుండును లేపారు. గుడారాల దగ్గర వంట చేసే కిష్టమ్మ, రాజయ్య భార్య, కేకలు విని పరుగెత్తుకొచ్చింది. ఏడవలేదు. కొంగు చించి మోకాలి కింద బిగించి కట్టి, "నడువున్రి, నడువున్రి" అంది. జీపు వెనక భాగంలో గోనెసంచులు పరిచి రాజయ్యను పడుకోబెట్టారు. కిష్టమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రామబ్రహ్మం ముందు సీట్లో కూర్చున్నాడు.

గోల్కొండ వైపు కంకర రోడ్డు ఎక్కితే పట్నం పెద్ద దవాఖానకు గంటలోపు చేరొచ్చు. కంకర రోడ్డు దాకా బండిబాట. ఆ బాట చెరువు కట్ట కిందుగా నూరు గజాల నల్లరేగడి దాటాలి. బాలనర్సయ్య రేగడి మొదట్లో జీపు ఆపాడు. ఎడ్లబండ్ల చక్రాలు కోసిన గాళ్లు రెండూ నీళ్లు నిండి మెరుస్తున్నాయి. అతని చెయ్యి దానంతటదే పొట్టి కర్ర మీదికి వెళ్లింది. వేలు తీగ కింద దూరింది. అప్పుడు తలతిప్పి రామబ్రహ్మాన్ని చూశాడు.

"సీలు తెంపనా సారూ?"

రామబ్రహ్మం ఆ సీసం బిళ్లను చూశాడు. దాని మీద ముద్ర ఇంకా కొత్తగా ఉంది. లిఖితపూర్వక అనుమతి అనే మాట, చర్య గైకొనబడును అనే మాట అతనికి అచ్చక్షరాలతో సహా కనిపించాయి.

"వెయ్యకుండా వెళ్లలేమా?"

"పోతే పోతం, లేకుంటే దిగవడుతం. ఏస్తే మాత్రం పోతం."

"మొన్ననే కదా వేసింది సీలు. ముందు మామూలుగా ప్రయత్నించు. కాకపోతే అప్పుడు చూద్దాం."

వెనకనుంచి కిష్టమ్మ అరిచింది. "తెంపు నర్సన్నా! ఎవలేమంటరు?"

బాలనర్సయ్య వేలు తీగ కింద బిగుసుకోవడం రామబ్రహ్మానికి కనిపించింది. తరవాత వేలు బయటికి వచ్చింది. చెయ్యి పెద్ద కర్ర మీదికి పోయింది. జీపు రేగడిలోకి దిగింది.

అరవై డెబ్బై గజాలు చక్కగానే వెళ్లింది. రామబ్రహ్మం ఊపిరి వదిలాడు కూడా. అక్కడ వెనక ఎడమచక్రం పట్టు తప్పి ఊరికే తిరగడం మొదలుపెట్టింది. బురద తెట్టెలు తెట్టెలుగా లేచి కిష్టమ్మ భుజాల మీద పడింది. బాలనర్సయ్య కాలు తీశాడు, గేరు వెనక్కు వేశాడు, ముందుకు వేశాడు. జీపు వెనకభాగం ఇరుసుదాకా కుంగింది.

"తెంపు, ఇప్పుడు తెంపు!" అన్నాడు రామబ్రహ్మం.

బాలనర్సయ్య పటకారుతో తీగ కొసలు బిళ్లలోంచి లాగి చిన్న గేరు వేశాడు. ముందు చక్రాలు కూడా తిరిగాయి. నాలుగూ తిరిగాయి. జీపు ముక్కు కూడా మెల్లగా కిందికి వంగింది. అతడు ఇంజను ఆపేసి బురదలోకి దూకాడు. పార తీసుకుని చక్రాల ముందు తవ్వాడు, తంగేడు కొమ్మలు విరిచి తెచ్చి టైర్ల కింద దోపాడు, రాళ్లు మోసి తెచ్చి వేశాడు. రామబ్రహ్మం కూడా దిగి రాళ్లు అందించాడు. చెప్పులు బురదలో ఎప్పుడు పోయాయో తెలియలేదు. మొదట రాజయ్య అరుస్తున్నాడు. అరుపు వినడం ఎంత కష్టమో అనుకున్నాడు రామబ్రహ్మం. కాసేపటికి అరుపు ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, వినబడకపోవడం ఇంకా కష్టం.

ఊళ్లోకి పరుగెత్తి రెండుజతల ఎడ్లను తోలుకొచ్చి జీపును గట్టెక్కించేసరికి ఒంటిగంటన్నర అయింది. కంకర రోడ్డు తగలగానే, అంత తొందరలోనూ, బాలనర్సయ్య ఒక్క క్షణం జీపు నెమ్మది చేసి చిన్న గేరు తీసి, ఆ తరవాతే వేగం పెంచాడు.

ఆ సాయంత్రం రాజయ్య కాలు మోకాలి కింద తీసేశారు. డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "దెబ్బ తగిలిన వెంటనే తెచ్చుంటే కాలు నిలిపే ప్రయత్నం చేసేవాళ్లం. ప్రాణానికి భయం లేదు లెండి" అన్నాడు. కిష్టమ్మ ఆ మాటలో రెండోసగమే విన్నట్టు దండం పెట్టింది. రామబ్రహ్మానికి మొదటి సగమే వినబడింది.

శుక్రవారం తిరిగి క్యాంపుకు వచ్చాక, జీపు కడుగుతున్న బాలనర్సయ్య దగ్గరికి వెళ్లాడు. ఊడిన తీగ పొట్టి కర్రకు వేలాడుతోంది. సీసం బిళ్ల కాళ్ల దగ్గర రేకుమీద పడివుంది. రేపు జీపుతో సహా ఆఫీసుకు రమ్మని కబురు వచ్చింది.

"దీన్నేం చేద్దాం?" అన్నాడు రామబ్రహ్మం గొంతు తగ్గించి.

"ఏముంది సారు? తెంపినమని చెప్పుదం."

"అనుమతి కాగితం లేదు కదా."

బాలనర్సయ్య తడిగుడ్డ పిండి బానెట్ మీద ఆరేశాడు. కొంచెంసేపు అతని మొహంలోకి చూశాడు. వయసు చూశాడో, భయం చూశాడో. "మీకు భయమైతే మళ్ల పెడత తియ్యిన్రి" అన్నాడు. తీగ సాపు చేసి, కొసలు మళ్లీ బిళ్లలో దూర్చి, ముద్ర చెదరకుండా అంచుల్లో పటకారుతో ఒత్తాడు. పని తెలిసిన చెయ్యి. ఊడిన జాడ కూడా లేదు.

శనివారం రామ్మోహనరావు మెట్లు దిగి వచ్చి జీపులో చూశాడు. సీసం బిళ్లను వేళ్లతో తిప్పి, "చెక్కుచెదరలేదే" అన్నాడు. అది మెచ్చుకోలో కాదో రామబ్రహ్మానికి అర్థం కాలేదు. గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. పెద్దాయన, నెమ్మదైన మనిషి. గొంతు పెంచినట్టు ఎవరూ వినలేదు.

"దెబ్బ ఎన్నింటికి తగిలింది?"

"పదింటికండి."

"ఆసుపత్రికి?"

"రెండున్నరకండి. చెరువు కింద బురదలో దిగబడిపోయిందండి."

"మరి చిన్న గేరు వెయ్యలేదేం?"

సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాడు రామబ్రహ్మం. "సీలు వేశారు కదండీ..."

"వేస్తే? మనిషి కాలు కంటే సీసం బిళ్ల ఎక్కువా? తెంపేసి నాకో ముక్క రాస్తే పోయేది. నేనేమన్నా కసాయివాణ్ణా?" ఆయన ఫైల్లోంచి నోటీసు నకలు తీసి ఇటు తిప్పాడు. "అయినా ఇందులో ఏముంది? సంబంధిత అధికారి అనుమతి. క్యాంపులో సంబంధిత అధికారి ఎవరయ్యా? నువ్వే కదా. చిత్తుకాగితం మీద రెండు ముక్కలు గీకితే సరిపోయేది."

రామబ్రహ్మం ఆ కాగితాన్ని మూడోసారి చదివాడు. నిజమే. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అని అందులో ఎక్కడా లేదు. జేబులో ఆ రోజు కూడా కలం ఉంది.

"డ్రైవరు నిన్ను అడిగాడా?"

కిటికీలోంచి ఆవరణ కనిపిస్తోంది. బాలనర్సయ్య జీపు అద్దం తుడుస్తున్నాడు. అడిగాడండి అనడానికి రామబ్రహ్మం నోరు తెరిచాడు. అడిగాడంటే, నువ్వేమన్నావు అని అడుగుతారు. తరవాత తెంపామంటే, సీలు అలా ఎలా ఉందని అడుగుతారు. ఒక్కొక్క మాట వెనక ఇంకో మాట నిలబడి ఉంది. బల్లమీద కాగితాలపై బరువుగా పెట్టిన గాజు గుండును చూస్తూ కూర్చున్నాడు.

"అడగలేదన్నమాట" అని ఆయనే అనుకుని కలం అందుకున్నాడు.

బాలనర్సయ్యను లోపలికి పిలిచారు. అతడు చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు.

"ఇరవయ్యారేళ్ల సర్వీసు. చిన్న గేరు ఎప్పుడు వెయ్యాలో తెలీదటయ్యా నీకు?"

"ఎరుకే సారు."

"మరెందుకు వెయ్యలేదు?"

బాలనర్సయ్య రామబ్రహ్మం వైపు తిరిగాడు. కోపంగా చూడలేదు. వంతు వచ్చినవాడు మాట్లాడతాడేమోనని ఎదురు చూసినట్టు చూశాడు, అంతే. ఫ్యాను కిరకిరమంటూ నాలుగైదుసార్లు తిరిగింది. రామబ్రహ్మం గాజు గుండు మీంచి కళ్లెత్తలేదు.

"తప్పయింది సారు" అన్నాడు బాలనర్సయ్య.

సకాలంలో ముందు చక్రముల గేరు వాడక జాప్యమునకు కారకుడైనాడని రాసి, సాక్షిగా రామబ్రహ్మం చేత సంతకం పెట్టించుకున్నారు. బాలనర్సయ్యను స్టీరింగు నుంచి తప్పించి బాలానగర్ వర్క్‌షాపులో బండ్లు కడిగే పనికి వేశారు. వీధిలోకి వచ్చాక అతడు జీపు తాళంచెవి రామబ్రహ్మం చేతిలో పెట్టి, "ఎడమదిక్కు ఎనక టైరుల గాలి తక్కువున్నది, కొత్త డ్రైవరుకు చెప్పున్రి" అన్నాడు.

సోమవారం కిష్టమ్మ తన గిన్నెలు తీసుకుపోవడానికి క్యాంపుకు వచ్చింది. రాజయ్యకు జ్వరం తగ్గిందనీ, కాలు లేనిచోట వేళ్లు దురద పెడుతున్నాయంటున్నాడనీ చెప్పింది. గిన్నెలు మూటకట్టి లేచినదల్లా ఆగింది.

"సారూ, నర్సన్నను డ్రైవరు పనిల నుంచి తీసిన్రటగద. గేరు ఎయ్యలేదని రాసిన్రట."

రామబ్రహ్మం చేతిలోని కొలతల పుస్తకం మూశాడు.

"ఆయన అడిగిండు. నేను ఎనకనే ఉన్న, ఇన్న. నన్నెవలన్న అడిగితే చెప్పకపోదునా? నన్నెవలడుగుతరు?" మూట నెత్తికెత్తుకుంది. "మీకైతే ఎరుకే గద సారూ."

ఆమె రాళ్ల మధ్య నుంచి దిగి కనుమరుగయ్యేదాకా అతడు గుడారం తాడు పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆఫీసుకు వెళ్లాడు. రామ్మోహనరావు ఎదురుగా నిలబడే అంతా చెప్పాడు. బాలనర్సయ్య అడిగాడు, నేను వద్దన్నాను, తరవాత తెంపించాను, సీలు మళ్లీ నేనే పెట్టించాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు నాలుగు వాక్యాల్లో అయిపోయాయి.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "మంచివాడివి" అన్నాడు. "కానీ ఫైలు పైకి వెళ్లిపోయిందయ్యా. ఇప్పుడు అడిగాడంటే నీ సంతకం అబద్ధమవుతుంది. నా రిపోర్టు తప్పవుతుంది. అతనికి జీతమేం తగ్గలేదు కదా, బండి తోలే శ్రమ తప్పింది. కూర్చో, టీ తాగు."

రామబ్రహ్మం కూర్చున్నాడు. టీ తాగాడు. ఆ టీ ఎందుకు తాగానా అని తరవాత చాలా ఏళ్లు అనుకున్నాడు.

అక్కణ్ణుంచి బాలానగర్ వెళ్లాడు. వర్క్‌షాపు ఆవరణలో లారీలు, జీపులు వరసగా ఉన్నాయి. బాలనర్సయ్య ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఒక లారీ చక్రానికి పట్టిన గట్టి మట్టిని రేకుముక్కతో గీకుతున్నాడు. చొక్కా పైగుండీ పెట్టే ఉంది. ఇతన్ని చూసి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఏంది సారూ, గింత దూరం?"

రామబ్రహ్మం చెప్పాడు. ఆఫీసుకు వెళ్లాననీ, ఆయన వినలేదనీ. టీ సంగతి చెప్పలేదు. "తప్పంతా నాది. నన్ను క్షమించండి" అన్నాడు. ఆ ముసలి డ్రైవరును 'అండి' అనడం అదే మొదటిసారి.

బాలనర్సయ్య రేకుముక్కను చక్రం గుబ్బకు కొట్టి మట్టి రాల్చాడు.

"వాళ్లు రాసినదాంట్ల అబద్ధమేమున్నది సారూ? టైముకు ఎయ్యలె. నిజమే గద."

"నేను వద్దన్నాను కాబట్టి కదా!"

"నేను అడిగిన గన్క మీరు వద్దన్నరు. అడగకుంట తెంపేదుండె." అతడు తన చేతి వేళ్లను చూసుకున్నాడు. "ఇరవయ్యారేండ్లు తోలిన. యాడ ఎయ్యాల్నో ఈ చేతికి ఎరుకే. చేతికి ఎరుకైనదాన్ని నోటితోని అడిగిన. మీ తప్పు మీకున్నది, నా తప్పు నాకున్నది. నాదాన్ని మీరు తీసుకపోలేరు."

తిడితే బాగుండునని వచ్చాడు రామబ్రహ్మం. పోనీలెమ్మన్నా బాగుండేది. రెండూ కాకుండా ఆ మనిషి మళ్లీ చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. మట్టిపెళ్లలు ఒక్కొక్కటే ఊడి నీళ్లలో పడుతున్నాయి.

"రాజయ్యను చూసొచ్చిన్రా?" తలెత్తకుండా అడిగాడు.

"లేదు." అన్నాక రామబ్రహ్మం రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఐదు రోజులైంది. ఆఫీసుకు రెండుసార్లు వెళ్లాడు. ఇక్కడికి వచ్చాడు. అటు వెళ్లలేదు.

"ఆడికి పోన్రి సారూ. నన్ను చూస్తే ఏమొస్తది?"

బయట ఎండ కాస్తోంది. రోడ్డు పొడిగా, గట్టిగా ఉంది. పట్నం వైపు బస్సు వచ్చింది. ఎక్కి కమ్మీ పట్టుకున్నాడు. టికెట్టు ఎక్కడికని కండక్టరు అడిగితే వినబడనట్టు చూశాడు. రెండోసారి అడిగాక, "దవాఖాన దగ్గర" అన్నాడు.